డయాలసిస్ లెక్కలు అడిగితే ఇవ్వడం లేదు, దొడ్డిదారిన తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రభుత్వ ఖర్చుతో డయాలసిస్ చేయించుకునే పల్లెటూరి రోగులు ఎంత దూరం నుంచి వస్తున్నారు, దూరం ఎక్కువైనవాళ్లు మధ్యలోనే మానేస్తున్నారా అన్నది నా అంశం. మా నాన్నగారు చివరి రెండేళ్లు వారానికి మూడుసార్లు తెల్లవారుజామున నాలుగింటి బస్సుకు బయలుదేరేవారు. ఈ ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. వివరాలున్న ప్రభుత్వ కార్యాలయానికి ఎనిమిది నెలల క్రితం అర్జీ పెట్టాను. పరిశోధన వల్ల రోగులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తెమ్మన్నారు. కమిటీని అడిగితే, డేటా ఇస్తామని ఆ కార్యాలయం రాసిన ఉత్తరం ముందు తెమ్మంది. సమాచార హక్కు కింద అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించారు. ఇప్పుడొక పరిచయస్తుడు మొత్తం ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇప్పిస్తానంటున్నాడు. నాకు ఏడాదే గడువుంది. తీసుకోవచ్చా?
- పరిశోధక విద్యార్థిని, తార్నాక

సమాధానం:

అమ్మా,

ముందు పెన్‌డ్రైవ్ సంగతి. తీసుకోవద్దు. ఇప్పిస్తానన్న మనిషి మీ కష్టం చూసి జాలిపడే ఆ మాట అని ఉండవచ్చు. అయినా వద్దు. రేపు వైవాలో పరీక్షకులు ఈ వివరాలు ఎక్కడివని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. పత్రికకు వ్యాసం పంపితే ఎథిక్స్ అనుమతి సంఖ్య అడుగుతారు, అదీ ఉండదు. ఫైలు బయటికి ఎలా వచ్చిందని విచారణ జరిగితే ముందు ఉద్యోగం పోయేది కంప్యూటర్ ముందు కూర్చునే ఏ కాంట్రాక్టు ఉద్యోగికో.

ఇవన్నీ మీకూ, మీ చుట్టూ ఉన్నవాళ్లకూ జరిగే నష్టాలు. నేను వద్దనడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది.

నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆసుపత్రి రికార్డుల మధ్య గడిపాను. తర్వాత కొన్నేళ్లు ఒక ఎథిక్స్ కమిటీలో వైద్యులు కాని సభ్యుల కోటాలో కూర్చున్నాను. ఒకరోజు ఒక విద్యార్థి తన పట్టికలు తెచ్చి చూపించాడు. రోగుల పేర్లు అన్నీ తీసేశాడు, ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాడు. ఒక పట్టికలో మండలం, వయసు, స్త్రీ లేక పురుషుడు, చికిత్స, ఎంతమంది అన్న గడులున్నాయి. ఒక వరుసలో మండలం పేరు పక్కన 19 ఏళ్లు, స్త్రీ, అసంపూర్ణ గర్భస్రావానికి చికిత్స, 1 అని ఉంది. కమిటీలో ఒక సభ్యురాలిది ఆ మండలమే. ఆమె ఆ కాగితాన్ని బల్లమీద బోర్లా పెట్టేసింది. కాసేపటికి "ఈ అమ్మాయి ఎవరో నాకు తెలుసు" అంది. ఇంకొంచెం ఆగి, "వాళ్ల అత్తగారికి ఈ సంగతి తెలియదు" అంది.

ఆ విద్యార్థి దురుద్దేశంతో చేసింది కాదు. పేర్లు తీసేస్తే మనిషి కనబడకుండా పోతాడని నమ్మాడు. ఆ నమ్మకం తప్పని అమెరికాలో 1990లలోనే తేలింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని కేంబ్రిడ్జ్ పట్టణం ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టింది. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ పుట్టినరోజున పుట్టినవాళ్లు ఆ జాబితాలో ఆరుగురున్నారు, అందులో మగవాళ్లు ముగ్గురు, ఆయన ఉండే పోస్టల్ కోడ్‌లో ఆయన ఒక్కడే. గవర్నరు గారి వైద్య వివరాలు అలా బయటపడ్డాయి. మన దగ్గర పోస్టల్ కోడ్ దాకా వెళ్లనక్కరలేదు. ఒక తండాలో వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. మీ నాన్నగారి వివరాలు కూడా అలాంటి ఒక ఫైల్లో ఒక వరుసగా ఉన్నాయి. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతోందంటే మీకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక మీ అర్జీ. మీరు పంపిన నకలు రెండుసార్లు చదివాను. పదేళ్లలో డయాలసిస్ చేయించుకున్న రోగులందరి పేరు, తండ్రి లేక భర్త పేరు, ఆధార్ నంబరు, ఫోను నంబరు, ఊరు, పుట్టిన తేదీ, ప్రతి చికిత్స తేదీ, ఆసుపత్రి పేరు, అయిన ఖర్చు అన్నీ అడిగారు. ఏది అవసరమవుతుందో ముందే తెలియదు కాబట్టి అన్నీ అడిగేద్దామనుకుని ఉంటారు. చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ కాగితాన్ని ఒకసారి అధికారి కుర్చీలో కూర్చుని చదవండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాను భద్రంగా కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని రాసి ఉంది. మీ అర్జీపై సంతకం పెడితే ఆయనకు ఒరిగేదేమీ లేదు, ఏదైనా జరిగితే మాత్రం ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఫైలు బల్లమీద పడి ఉండడానికి ఆయన చెడ్డవాడే కానక్కరలేదు.

కాబట్టి అర్జీ మళ్లీ రాయండి. ఈసారి మీ ప్రశ్నకు ఏది లేకపోతే జవాబు రాదో అది మాత్రమే అడగండి. పేరు లేకుండా మీ పని ఆగుతుందా? ఆగదు. మీకు కావలసింది ఈ నెల వచ్చిన రోగీ పోయిన నెల వచ్చిన రోగీ ఒకరేనా అని తెలియడం. దానికి కార్యాలయం వాళ్లే ఒక్కో రోగికి ఒక్కో కొత్త అంకె ఇచ్చి, ఏ అంకె ఎవరిదో చెప్పే జాబితా తమ దగ్గరే ఉంచుకుంటే సరిపోతుంది. ఇది మాత్రం గట్టిగా అడగండి. ఈ కొత్త అంకె లేకుండా బిల్లుల వరుసలు మాత్రమే ఇస్తే, నెలకు పన్నెండుసార్లు వచ్చిన ఒక మనిషి మీకు పన్నెండుమందిగా కనిపిస్తాడు.

పుట్టిన తేదీ వద్దు, అయిదేళ్ల అంతరంతో వయసు చాలు. ఊరి పేరు కూడా వద్దు. మీరు అడుగుతున్నది దూరం గురించి కదా. ఊరి నుంచి డయాలసిస్ కేంద్రానికి ఎన్ని కిలోమీటర్లో వాళ్లనే లెక్కవేసి, 10 లోపు, 10 నుంచి 25, 25 నుంచి 50, 50 పైన అని వేసి ఇమ్మనండి. లెక్క వేసే చిన్న ప్రోగ్రాం మీరే రాసి ఇస్తామని చెప్పండి, వాళ్లకు శ్రమ తగ్గుతుంది. చికిత్స తేదీలకు బదులు మొదటి డయాలసిస్ నుంచి ఎన్నో రోజు అన్న అంకె తీసుకోండి. మొదలుపెట్టిన సంవత్సరం ఒక్కటి ఉంటే చాలు. ఆధార్, ఫోను నంబర్ల ఊసే ఎత్తకండి.

అర్జీతో పాటు ఖాళీ పట్టికలు జతచేయండి. మీ సిద్ధాంత గ్రంథంలో చివరికి రాబోయే పట్టికలనే, శీర్షికలు రాసి, అంకెలు లేకుండా గీసి పెట్టండి. దూరం ఒకవైపు, ఆరు నెలల్లో మానేసినవారు, ఏడాదిలో మానేసినవారు మరోవైపు. నేను చూసినంతవరకు ఒక అధికారి మనసు మార్చేది ఇదే. ఆయన భయమంతా బయటికి ఏం వెళుతుందోనని, ఆ పట్టికలు చూడగానే వెళ్లేది ఇంతే కదా అని అర్థమవుతుంది. ఒక గడిలో పదిమంది గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆ అంకె ప్రచురించనని పట్టిక కిందే రాయండి. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా డేటా వాడుకునేవాళ్లకు 1 నుంచి 10 వరకు ఏ అంకె చూపకూడదన్న నియమం ఉంది. దాన్నే మీరు స్వచ్ఛందంగా పాటిస్తామంటే ఎవరూ కాదనరు. ఆ రోజు మా కమిటీకి వచ్చిన పట్టికలో ఈ ఒక్క నియమం ఉండి ఉంటే ఆ వరుస ఉండేదే కాదు.

అర్జీలో ఒక విధానం పేరు కూడా ఎత్తండి. కేంద్రం 2012లో తెచ్చిన జాతీయ డేటా షేరింగ్ అండ్ యాక్సెసిబిలిటీ పాలసీలో ప్రభుత్వ డేటా మూడు రకాలు: అందరికీ తెరిచి ఉండేది, నమోదు చేసుకున్నవారికి దొరికేది, అనుమతి మీద మాత్రమే ఇచ్చేది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2016లో ఓపెన్ డేటా విధానం ప్రకటించింది. మీరు అడుగుతున్నది మూడో రకం. అనుమతి మీద ఇచ్చేది అని ప్రభుత్వమే రాసుకున్నాక, ఆ అనుమతి ఎవరు ఇస్తారో, ఎలా ఇస్తారో చెప్పవలసిన బాధ్యత వాళ్లదే.

ఎథిక్స్ కమిటీ, కార్యాలయం ఒకరి ఉత్తరం కోసం ఒకరు చూస్తున్న ముడి దగ్గర మీకు ఎనిమిది నెలలు పోయాయి. ఈ ముడి మీ ఒక్కరిదే కాదు, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇక్కడే చిక్కుకుంటారు. విప్పే మార్గం తేలికే. కమిటీని షరతులతో కూడిన ఆమోదం అడగండి. పరిశోధన పద్ధతి సమ్మతమే, డేటా కార్యాలయం రాతపూర్వక అనుమతి అందాకే పని మొదలుపెట్టాలి అని వాళ్లు రాసివ్వవచ్చు. ఆ ఉత్తరం పట్టుకుని కార్యాలయానికి వెళ్లండి. ఇంతమంది రోగులను వెతికి ఒక్కొక్కరి సమ్మతి ఎలా తీసుకుంటామని కమిటీ అడిగితే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు చూపించండి. రోగికి ప్రమాదం చాలా తక్కువగా ఉండి, మనిషిని గుర్తుపట్టే ఆనవాళ్లు తీసేసిన రికార్డులతో చేసే పనికి సమ్మతి మినహాయించే అధికారం కమిటీకి ఉందని అందులో ఉంది. మినహాయింపు కావాలని మీరే రాతపూర్వకంగా, కారణాలతో అడగాలి. అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. మీ గైడు విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేస్తున్నా, విదేశీ నిధులు ఉన్నా ఐసీఎంఆర్‌లోని ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీకి కూడా వెళ్లవలసి వస్తుంది. ఆ సంగతి ఈ వారమే తేల్చుకోండి.

ఇంకొక మాట. మీ అర్జీ మీ పేరుతోనే వెళ్లింది. విద్యార్థి చేతికి ఏ కార్యాలయమూ రోగుల డేటా ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. మీ సంస్థ రిజిస్ట్రారు లేదా డైరెక్టరు సంతకంతో, గైడు బాధ్యత తీసుకుంటూ, రెండు సంస్థల మధ్య ఒప్పందంగా వెళ్లాలి. డేటా ఏ కంప్యూటర్‌లో ఉంటుంది, ఎవరెవరు తెరుస్తారు, ఏ తేదీన చెరిపేస్తారు, రోగిని గుర్తుపట్టే ప్రయత్నం చేయమన్న హామీ అందులో ఉండాలి. వాళ్లు తిరిగి పంపే ముసాయిదాలో "శాఖ అనుమతి లేకుండా ఫలితాలు ప్రచురించరాదు" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. దానికి సంతకం పెట్టకండి. రోగుల గోప్యతకు భంగం ఉందేమో చూసుకోవడానికి వ్యాసం ముందుగా పంపుతాం, 30 రోజుల్లో అభ్యంతరం రాకపోతే ప్రచురిస్తాం అని మార్చమని అడగండి. దూరం వల్ల రోగులు మానేస్తున్నారని తేలితే ఆ ఫలితం బీరువాలో పడి ఉండడానికి కాదు కదా మీరు ఇంత కష్టపడుతున్నది.

సమాచార హక్కు గురించి. మీ తిరస్కరణ చూసి కోపం తెచ్చుకోకండి. మీరు అడిగినదానికి ఆ జవాబే వస్తుంది. పైగా సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) నిబంధన 2025 నవంబరులో డేటా రక్షణ చట్టం ద్వారా మారి మరింత బిగుసుకుంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8(2) ఇంకా ఉంది కానీ, రోగుల పేర్లకు అది వర్తింపజేయమని అడగడం నాకు సమ్మతం కాదు. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. సమాచార హక్కు చట్టం ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, లేని లెక్కను కూర్చి పెట్టమనదు. సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే ఆ మాట చెప్పింది.

అలాగని దాన్ని పక్కన పెట్టేయకండి. పది రూపాయల రుసుముతో అది మీకు చాలా పనులు చేసిపెడుతుంది. ఎనిమిది నెలల క్రితం మీరు ఇచ్చిన అర్జీ ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, ఎవరు ఏమి రాశారు అని ఫైలు నోట్ నకళ్లు అడగండి. అది మీ సొంత అర్జీ, వ్యక్తిగత సమాచారమని తోసిపుచ్చలేరు. ఆ దరఖాస్తు అందిన వారంలో చాలా ఫైళ్లు కదలడం నేను కళ్లారా చూశాను. డయాలసిస్ రికార్డులో ఏయే వివరాలు నమోదవుతాయో ఆ ఖాళీ నమూనా ఫారం అడగండి. లేని వివరం కోసం అర్జీ పెట్టి నెలలు పోగొట్టుకోకుండా ఉంటారు. ఏ కేంద్రం ఏ తేదీన తెరిచారు, ఎన్ని యంత్రాలతో అని అడగండి. ఇందులో రోగి ఎవరూ లేరు, మీ పరిశోధనకు మాత్రం ఇది ప్రాణం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదని 6(2)లో ఉంది.

ఇన్ని చేసినా ఫైలు బయటికి పంపలేమంటే, "నేనే మీ కార్యాలయానికి వచ్చి మీ కంప్యూటర్ మీద పని చేసుకుంటాను, పట్టికలు మాత్రమే తీసుకెళతాను, అవీ మీరు చూసి ఇచ్చాకే" అని అడగండి. ఇది మీరు చిన్నబుచ్చుకోవలసిన ఏర్పాటు కాదు. బ్రిటన్‌లో గణాంక శాఖ దగ్గర సున్నితమైన డేటా మీద పనిచేసే పరిశోధకులు ఏళ్లుగా ఇలాగే చేస్తున్నారు. ఫైవ్ సేఫ్స్ అని ఆ పద్ధతికి పేరు. ఒక మూల చిన్న బల్ల, ఒక కుర్చీ ఇస్తే చాలు.

డేటా చేతికి వచ్చాక, అందులో జిల్లా, మండలం పేర్లు ఉంటే, ఒక గుంట మీకోసం కాచుకుని ఉంటుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటలతో ముప్పై మూడయ్యాయి. మండలాలూ చీలాయి. అంతకు ముందు మెదక్ జిల్లాలో ఉన్న రోగి ఒక్క అడుగు కదలకుండానే సిద్దిపేట జిల్లా మనిషయ్యాడు. ఇది చూసుకోకపోతే మెదక్‌లో రోగులు ఒక్కసారిగా తగ్గిపోయారని రాసేస్తారు. పాత మండలానికి కొత్త మండలం ఏదో చూపే పట్టిక ముందు కూర్చుని చేసుకోండి. విసుగు పుట్టించే పనే, తప్పదు. లాక్‌డౌన్ వచ్చిన 2020లో డయాలసిస్ మొదలుపెట్టినవాళ్లను విడిగా చూడండి.

దానికన్నా కష్టమైన ప్రశ్న ఇంకొకటి. రోగి వరుస ఒకచోట ఆగిపోతుంది. ఏమైనట్టు? చనిపోయి ఉండవచ్చు. కిడ్నీ మార్పిడి జరిగి ఉండవచ్చు. కూతురి దగ్గరికి గుంటూరు వెళ్లిపోయి ఉండవచ్చు. అప్పు చేసి ప్రైవేటులో చేయించుకుంటూ ఉండవచ్చు. నిజంగానే బస్సు ఎక్కలేక మానేసి ఉండవచ్చు. బిల్లుల డేటా ఏదైనా, ఆరోగ్యశ్రీ లాంటి పథకాలదైనా, చెల్లింపు కోసం పుట్టింది. డబ్బు ఆగిన రోజు చెబుతుంది, కారణం చెప్పదు. "మానేశారు" అనే మాట మీ పట్టికలోకి ఎక్కించే ముందు దీని గురించి ఒక అధ్యాయమే రాయండి.

నమూనా సర్వేల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు దేశమంతటా 1.13 లక్షల కుటుంబాలను అడిగింది. ఆ డేటా ఉచితంగానే దొరుకుతుంది. వైద్యానికి ఇల్లు ఎంత ఖర్చు పెడుతోందో రాయడానికి పనికివస్తుంది. డయాలసిస్ లాంటి అరుదైన చికిత్సకు మన రాష్ట్రంలో దొరికేది చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఏడాదే ఉందన్నారు కాబట్టి, ఎథిక్స్ కమిటీకి వెళ్లేటప్పుడే రెండో దారికి కూడా అనుమతి తీసుకోండి. రెండు మూడు డయాలసిస్ కేంద్రాల్లో రోగుల సమ్మతితో మీరే వెళ్లి మాట్లాడడం. ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు. చేతికి సూదులు గుచ్చి ఉంటాయి, కదలడానికి లేదు. అడిగే మనిషి ఓపికగా కూర్చుంటే ఎన్నింటికి లేచారో, ఏ బండి ఎక్కారో, తోడు ఎవరు వచ్చారో, ఆ తోడు వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి ఎంత పోయిందో చెబుతారు. ఈ వివరాలు ఏ ప్రభుత్వ ఫైల్లోనూ ఉండవు. అక్కడ కనిపించేది వస్తున్నవాళ్లే, రానివాళ్లు కాదు. అందుకే చివర్లో ఒక ప్రశ్న అడగండి: మీతో పాటు మొదలుపెట్టి ఇప్పుడు రావడం మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎందుకు మానేశారు? పేర్లు రాసుకోకండి. కారణం మాత్రం రాసుకోండి.

కొత్త అర్జీ ముసాయిదా, ఖాళీ పట్టికలు రాగానే నాకు పంపండి. కార్యాలయానికి వెళ్లేముందు ఒకసారి చూసి ఇస్తాను. మొదటి పేరాలో ఆ నాలుగింటి బస్సు గురించి రెండు వాక్యాలు ఉంచండి.